కళ్ళెం పట్టే ముందు మూపు చూడండి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. చిన్నప్పుడు బ్రహ్మోత్సవాలకు కొండకు వెళ్తే అందరూ వాహనం కోసం ఎదురుచూసేవాళ్లు, నేను మాత్రం ముందు నడిచే గుర్రాలనే చూస్తూ ఉండిపోయేదాన్ని. ఎప్పటికైనా స్వారీ నేర్చుకోవాలని అప్పటి నుంచీ కోరిక. ఈమధ్య చంద్రగిరి వైపు ఎవరో నాలుగు గుర్రాలు తెచ్చి, నేర్పుతామని బోర్డు పెట్టారు. పది క్లాసుల డబ్బు ఒకేసారి కడితే తగ్గిస్తామంటున్నారు. మా ఆయన నవ్వి ఊరుకున్నారు. మా అత్తమ్మది పలమనేరు దగ్గర పల్లె, ఆవుల మధ్య పెరిగిన మనిషి. ఆమె "ఈ వయసులో గుర్రమేందమ్మా, నడుము ఇరిగితే ఎవురు చూస్తారు" అంటోంది. నా బరువు 72 కిలోలు, అప్పుడప్పుడు మోకాలు నొప్పి. ఊటీలో ఒకసారి పది నిమిషాలు కూర్చోవడం తప్ప గుర్రం గురించి ఏమీ తెలియదు. నేను నేర్చుకోవచ్చా? అక్కడ చేరిపోనా? ఇంటర్ చదివే మా అమ్మాయి కూడా వస్తానంటోంది.

జవాబు: నేర్చుకోవచ్చు. నేను 37 ఏళ్లకు మొదలుపెట్టాను. అప్పట్లో బెంగళూరులో ఉద్యోగం. మా బ్యాచ్‌లో నాకంటే పెద్దవాళ్లు ఇద్దరుండేవాళ్లు. చిత్తూరు వచ్చేశాక నెలకోసారి కుదిరితే గొప్ప, అయినా ఎక్కితే కూర్చోవడం మర్చిపోలేదు. కాబట్టి వయసు గురించి బెంగ వద్దు. ఆ పది క్లాసుల డబ్బు మాత్రం ఇప్పుడే కట్టకండి.

మీ ఉత్తరంలో మీ వయసుంది, బరువుంది, మోకాలుంది, అత్తమ్మ మాట కూడా ఉంది. ఆ నాలుగు గుర్రాలు ఎలా ఉన్నాయో మాత్రం లేదు. కొత్తవాళ్లందరం చేసే పొరపాటే ఇది. ఫీజెంత, ఎన్ని రోజులు, ఎంత దూరం అని అడుగుతాం. ఏ వీపు మీద కూర్చోబోతున్నామో దాని వైపు చూడం. స్వారీ స్కూలు బాగుందో లేదో చెప్పే కాగితం గోడ మీద వేలాడదు, గుర్రం ఒంటి మీదే ఉంటుంది. అది చదవడానికి మీకు స్వారీ వచ్చి ఉండక్కర్లేదు.

ముందుగా ఫోన్ చేయకుండా ఒక సాయంత్రం, దాణా పెట్టే వేళకు వెళ్లండి. జీను తీసేసి ఉన్న గుర్రాన్ని చూపించమనండి. మెడ వెంట్రుకలు అయిపోయి వీపు మొదలయ్యే దగ్గర కొద్దిగా ఎత్తుగా ఉంటుంది చూడండి, ఎద్దుకైతే మూపురం ఉండే చోటు. ఆ మూపు మీద, దాని రెండు పక్కలా వెంట్రుకలు గమనించండి. ఒళ్లంతా ఎర్రగానో నల్లగానో ఉండి అక్కడ మాత్రం రూపాయి బిళ్ల అంత తెల్ల మచ్చలుంటే, అవి పుట్టుమచ్చలు కావు. సరిపోని జీను ఒత్తి ఒత్తి పుండు పడి, మానిన తర్వాత అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. ఒక గుర్రానికి పాత మచ్చ ఉంటే పాత యజమాని పుణ్యం అనుకోవచ్చు. నాలుగింటికీ ఉంటే, అందులో ఒకటి ఇంకా పచ్చిగా ఉంటే, మీరు చూడాల్సింది అయిపోయినట్టే.

తర్వాత నోరు. పెదవుల మూలలు పగిలి, గట్టిపడి ఉన్నాయేమో చూడండి. గుర్రానికి ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. కళ్ళెం ఇనుము కూర్చునేది అక్కడే, ఉత్త చిగురు మీద. అందుకే మెత్తని చేయి పట్టిన పగ్గం దానికి ఒక మాటలా వినిపిస్తుంది, మొరటు చేయి పట్టింది దెబ్బలా తగులుతుంది. కళ్ళేన్ని చేతిలోకి తీసుకుని వేలితో తడమండి. నున్నగా ఉండాలి. కొన్ని చోట్ల, ముఖ్యంగా పెళ్లి ఊరేగింపుల గుర్రాలకు, ముళ్లున్న కళ్ళేలు వాడతారు. బండ్లు లాగే, బరువులు మోసే జంతువుల కోసం 1965లో కేంద్రం చేసిన నిబంధనలు వాటిని ఎప్పుడో నిషేధించాయి. వేలికి ముల్లు తగిలితే ఇంకేం అడగకుండా వచ్చేయండి.

పక్కటెముకలు చేత్తో రాస్తే తగలాలి, దూరం నుంచి లెక్కపెట్టేలా ఉండకూడదు. డెక్కలు పగుళ్లు లేకుండా ఉండాలి. లాడాలు వేయించి ఎన్నాళ్లయిందో అడగండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి తీసి, పెరిగిన డెక్క చెక్కి మళ్లీ వేయాలి. నీళ్ల తొట్టిలో నీళ్లున్నాయా, నాచుందా? గుర్రాలు చూసుకునే అబ్బాయి చెయ్యెత్తగానే గుర్రం తల ఎగరేసి వెనక్కి పోతోందంటే ఆ చెయ్యి దానికి ఏం నేర్పిందో తెలుస్తూనే ఉంటుంది. జీను తేవడం చూసి చెవులు వెనక్కి అంటించి పళ్లు చూపిస్తోందంటే "పొగరు" అని చెబుతారు. చాలాసార్లు అది వీపు నొప్పి.

ఇదంతా జంతువు మీద జాలితో మాత్రమే చెప్పడం లేదు. నొప్పి ఉన్న గుర్రమే తన్నుతుంది, ఎగురుతుంది, విసిరేస్తుంది. దాన్ని బాగా చూసుకోని మనిషి మిమ్మల్నీ చూసుకోడు. నా అనుభవమే చెబుతాను. బెంగళూరులో నేను మొదట చేరింది ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ అని. మూడో క్లాసులో గుర్రం ఇలా మలుపు తిరిగిందో లేదో, నా కింద జీను అలా పక్కకు తిరిగిపోయింది. నేను గుర్రం పొట్ట పక్కన వేలాడి, తర్వాత నేల మీద. పొట్ట కింద బిగించే పట్టీని ఎవరూ రెండోసారి చూడలేదు. జీను కట్టేటప్పుడు చాలా గుర్రాలు పొట్ట బిగబడతాయి. నాలుగడుగులు నడిచాక వదులుతాయి, అప్పుడు పట్టీ వదులవుతుంది. అందుకే ఎక్కే ముందు ఒకసారి, ఎక్కి కాసేపు నడిచాక ఇంకోసారి బిగించాలి. తెలిసినవాళ్లు ఊపిరి పీల్చుకున్నంత అలవాటుగా చేసే పని. నాకు మణికట్టు బెణికింది, పది రోజులు కట్టు. వాళ్లు అన్నమాట "మీరే బ్యాలెన్స్ తప్పారు" అని. ఆ గుర్రం మూపు మీద తెల్ల మచ్చలు నేను మొదటి రోజే చూశాను. అందంగా ఉన్నాయనుకున్నాను!

ఫీజు దగ్గరికొస్తే, మరీ చవగ్గా ఉంటే అనుమానించండి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు కదా. నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకి గడ్డీ దాణా కలిపి ఎనిమిది కిలోలకు అటూ ఇటూ కావాలి. నీళ్లు మామూలు రోజుల్లోనే రెండు మూడు బిందెలు, మన ఎండల్లో ఇంకా ఎక్కువ. దానికి లాడాలు, నులిపురుగుల మందు, డాక్టరు, చూసుకునే మనిషి జీతం కలపండి. క్లాసుకి వాళ్లు అడిగే డబ్బులో ఇవన్నీ వెళ్లకపోతే, ఆ లోటు గుర్రం పొట్టలోంచే పూడుస్తారు. ఎంతైనా సరే, ఒక క్లాసుకి డబ్బు కట్టి చూడండి. నచ్చితే ఇంకోటి. పది క్లాసుల తగ్గింపు ఎక్కడికీ పోదు.

ఇంకో ప్రశ్న మన ఊళ్లో తప్పకుండా అడగాలి: ఇవే గుర్రాలు పెళ్లిళ్లకు కూడా వెళ్తాయా? ముహూర్తాల రోజుల్లో తిరుపతి సంగతి మీకు తెలిసిందే. రాత్రంతా డీజే మోతలో, టపాసుల మధ్య పెళ్లికొడుకుని మోసుకుని నిలబడిన గుర్రం పొద్దున ఆరింటికి మీకు నడక నేర్పుతుందా? రేసుల నుంచి వచ్చినవేమో కూడా కనుక్కోండి. చెన్నై గిండీ, బెంగళూరు, హైదరాబాద్ మలక్‌పేట రేసు కోర్సుల్లో పరుగు మానేసిన గుర్రాలు దక్షిణాదిలో చాలా స్వారీ స్కూళ్లకు చేరతాయి. అది తప్పేమీ కాదు, నాకు నేర్పినదీ అలాంటి ముసలి గుర్రమే. కాకపోతే కాలు కాస్త తగిలితే దూసుకుపోవడం దాని చిన్ననాటి చదువు. దాన్ని మాన్పించడానికి నెలలు పడుతుంది. "నిన్ననే వచ్చింది మేడమ్, మంచి జాతి గుర్రం" అంటే, ఆ మంచి జాతి మీద మొదటి సవారీ మీది కాకూడదు.

నేర్పే మనిషిని ఒకే ఒక్క మాట అడగండి: "మొదటి క్లాసులో నాతో ఏం చేయిస్తారు?" దువ్వడం, డెక్కలు శుభ్రం చేయడం, జీను కట్టడం, గుర్రాన్ని పక్కన నడిపించడం, తర్వాత తాడు పట్టుకుని గుండ్రంగా నడిపించడం అని చెబితే చేరండి. వారంలో దౌడు తీయిస్తామని, వీడియో కూడా తీసిస్తామని చెబితే ఆ వీడియోలో మీరేం చేస్తూ ఉంటారో నాకు తెలుసు. మీ ఊటీ పది నిమిషాల్లో కూడా స్వారీ చేసింది తాడు పట్టుకున్న అతను. మీరు సామాను.

చంద్రగిరి వాళ్లు ఈ పరీక్షలో నిలవకపోతే దిగులు పడకండి. మీ ఊళ్లోనే 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, ఇప్పుడు శ్రీవేంకటేశ్వర వెటర్నరీ యూనివర్సిటీలో భాగం. చుట్టుపక్కల ఎవరి లాయంలో గుర్రానికి కడుపునొప్పి వచ్చినా చివరికి చేరేది అక్కడికే. గుర్రాలకు వైద్యం చేసే డాక్టరుని పట్టుకుని, "మీ పిల్లనైతే ఎక్కడికి పంపిస్తారు" అని అడగండి. బోర్డులు చెప్పనివి ఆయనకు తెలుస్తాయి. చంద్రగిరి, రేణిగుంట వైపు పొలాల్లో సొంత సరదాకి గుర్రాలు పెంచేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల సంగతి కూడా ఆయన నోటనే తెలుస్తుంది. వాళ్లలో ఓపికున్న మనిషి దొరికితే అది ఏ స్కూలుకూ తీసిపోదు.

లేదంటే నేను చాలామందికి చెప్పే దారి ఇంకోటుంది. సంక్రాంతికో దసరాకో సెలవులు దొరికినప్పుడు చెన్నైలోనో బెంగళూరులోనో మంచి స్కూలు చూసుకుని వారం పది రోజులు రోజూ నేర్చుకోండి. చెన్నై మీకు నూట నలభై కిలోమీటర్ల లోపే. బెంగళూరులో ఈ ఆట బాగా పాతుకుపోయింది, టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున స్వారీ చేసిన ఫవాద్ మీర్జా ఆ ఊరివాడే. నెలకో క్లాసు చొప్పున పది నెలలు నేర్చుకుంటే ప్రతిసారీ మొదటి క్లాసే అవుతుంది, ఒళ్లు మర్చిపోతుంది. వరసగా పది రోజులు చేస్తే కూర్చోవడం ఒంటికి పడుతుంది. ఆ తర్వాత తిరుపతిలో వారానికి రెండు రోజులు సాదాసీదా గుర్రం దొరికినా నడుస్తుంది. పైగా మంచి లాయం ఎలా ఉంటుందో ఒకసారి కళ్లారా చూశాక ఇక మిమ్మల్ని ఎవరూ బోర్డుతో బోల్తా కొట్టించలేరు.

ఇక మీ ఒంటి సంగతి. కూర్చునే మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. మీరు 72, జీను ఎనిమిదనుకుంటే 80 కిలోలు. అంటే కనీసం నాలుగు వందల కిలోల గుర్రం కావాలి. మంచి ఎత్తున్న గుర్రానికి మీరు బరువే కాదు. పిల్లల్ని తిప్పే పొట్టి గుర్రాన్ని తెచ్చి "ఇది సాధువు మేడమ్" అంటే మాత్రం వద్దనండి. మోకాలికి నా దగ్గర ఒక కొలత ఉంది: అలిపిరి మెట్లెక్కేటప్పుడు మోకాళ్ల పర్వతం దగ్గర ఎలా ఉంటుంది? ఆయాసం వస్తే ఫర్వాలేదు. మోకాలు కలుక్కుమంటే, లేదా దిగేటప్పుడు నొప్పి ఎక్కువైతే ముందు ఎముకల డాక్టరుకి చూపించండి. నడుములో డిస్క్ సమస్య ఉన్నా అంతే. రికాబు, అంటే జీను నుంచి వేలాడే, పాదం పెట్టుకునే కడియం, కాస్త పొడుగు చేస్తే మోకాలి మీద భారం తగ్గుతుంది, మొదటి రోజే మాస్టారుకి చెప్పండి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నేళ్లయిందో గుర్తులేకపోతే వేయించుకునే వెళ్లండి. ఆ సూక్ష్మజీవి ఉండేదే లాయం మట్టిలో, పేడలో.

బట్టల కోసం ఇప్పుడే ఖర్చు పెట్టకండి. సాగే జీన్స్ చాలు, తొడల లోపలి వైపు లావు కుట్లు లేనిదైతే మేలు, లేకపోతే ఒరుసుకుపోతుంది. దుపట్టా వద్దు. గాజులు, ఉంగరాలు తీసేయండి. తాళి చొక్కా లోపల వేసుకోండి. మెట్టెలు బూటులో నొక్కుకుంటాయి, ఆ గంట మీ ఇష్టం! బూటుకి అంగుళం మడమ ఉండాలి, ఇది సోకు కోసం కాదు. మడమ లేని స్పోర్ట్స్ బూటు రికాబులోంచి ముందుకు జారిపోతుంది, పడినప్పుడు కాలు అందులో ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. డబ్బు పెట్టాల్సింది ఒక్క హెల్మెట్ మీద. స్వారీకి వేరే హెల్మెట్ ఉంటుంది, డెకథ్లాన్ లాంటి చోట దొరుకుతుంది. బైక్ హెల్మెట్ బరువు, క్రికెట్ హెల్మెట్ వేరే దెబ్బ కోసం చేసింది. స్కూలు వాళ్లిచ్చే హెల్మెట్ గడ్డం పట్టీ తెగి, పిన్నీసు పెట్టి ఉంటే... నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఒకసారి గట్టిగా నేలకు తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా లోపల నలిగిపోయి ఉంటుంది, ఇక పనికిరాదు.

మొదటి రోజు ఎలా ఉంటుందో చెబుతాను. నాకు రెండోసారి, మంచి చోట, నేర్పింది ఆర్మీలో గుర్రాలతో ఉద్యోగం చేసి రిటైరైన ఆయన. ఇరవై నిమిషాలు గుర్రం ఎక్కనివ్వలేదు. ఎదురుగా పోవద్దు, వెనకనుంచి అసలు పోవద్దు, ఎడమ భుజం వైపు నుంచి మాట్లాడుతూ రండి అన్నారు. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది దానికి. సరిగ్గా నుదుటి ముందు కొంచెం, తోక వెనక కొంచెం కనపడదు. కనపడని చోట చప్పుడైతే అది ముందు తన్ని, తర్వాత చూస్తుంది. ఎడమ వైపు నుంచే ఎక్కడం పాత సైనికుల అలవాటట, ఎడమ నడుముకి కత్తి వేలాడుతుంది కాబట్టి. మెడ మీద చెయ్యేశాను. చర్మం కింద సన్నగా ఒక వణుకు పరుగెత్తింది. ఈగ వాలినా అలా ఒక్క చోటే చర్మం కదిలించి తోలేస్తుంది గుర్రం. ఈగ బరువు తెలిసే ఒంటికి నా భయం తెలియదా అనిపించింది. అరచేయి చాపి, వేళ్లు ముడవకుండా, చిన్న బెల్లం ముక్క పెట్టమన్నారు. మీరు మన చిత్తూరు బెల్లమే తీసుకెళ్లండి, అడిగి పెట్టండి, చిన్న ముక్కే.

ఎక్కాక అనుకున్నదానికంటే ఎత్తుగా ఉంటుంది. మేడ మీద పిట్టగోడ లేనట్టు ఉంటుంది. ఇరవై అడుగులకు పైగా ఉన్న పొడవాటి తాడు ఒక కొస మాస్టారు చేతిలో, ఒక కొస గుర్రానికి, ఆయన చుట్టూ గుండ్రంగా తిరుగుతూ ఉంటాం. ఈ పద్ధతికి ఇంగ్లిష్‌లో ఉన్న పేరు తెలుగు చెవికి కాస్త ఇబ్బందే. మా బ్యాచ్‌లో ఇద్దరం తెలుగువాళ్లం, ఆయన ఆ మాట గట్టిగా అరిచినప్పుడల్లా మొహాలు చూసుకునేవాళ్లం. చివరికి "తాడు క్లాసు" అని పేరు మార్చాం. పేరేదైనా కొత్తవాళ్లకు అదే అసలు బడి. పగ్గాలు మీ చేతిలో ఉండవు కాబట్టి వాటిని పట్టుకు వేలాడరు. నిలబడడం మీ నడుము, తొడలే నేర్చుకోవాలి. అడుగు బొటనవేలి వెనక మెత్తటి భాగం రికాబు మీద, మడమ కిందికి, చూపు గుర్రం చెవుల మధ్య నుంచి ముందుకి. కిందికి చూస్తే కిందికే పడతాం.

నడకకు నాలుగు దెబ్బలు, తకధిమి. నడుము వదులు చేసి కూర్చుంటే ఒళ్లు దానంతటదే ఊగుతుంది. తర్వాత వచ్చేది ట్రాట్, రెండే దెబ్బలు: తక, తక, తక. అందరూ ఏడ్చేది ఇక్కడే. ఒక దెబ్బకు లేచి, ఒక దెబ్బకు కూర్చోవాలి. కొత్తలో మనం లేచినప్పుడు గుర్రం దిగుతుంది, మనం కూర్చునేసరికి అది ఎగరేస్తుంది, గతుకుల రోడ్డు మీద ఆటో వెనక సీట్లో కూర్చున్నట్టు. పళ్లు కొట్టుకుంటాయి. నాకు తొమ్మిదో క్లాసు దాకా రాలేదు. ఒకరోజు నోట్లో "తక తక" అనుకుంటూ ఉంటే ఏదో క్షణంలో పట్టుకుంది, మూడు చుట్లు అయ్యేదాకా వదల్లేదు. మూడు దెబ్బల క్యాంటర్, అంటే తకిట, ఎంత తొందరపడినా పాతిక ముప్ఫై క్లాసుల తర్వాతి మాట. దౌడు సంగతి ఇప్పుడెందుకు. పాత నిఘంటువుల్లో ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని గుర్రం గతులకు అయిదు పేర్లున్నాయి. పాఠాలు చెప్పే మనిషి కాబట్టి మీకు నచ్చుతాయని రాశాను, లాయంలో ఎవరికీ అర్థం కావు.

మర్నాడు మెట్లు దిగలేరు. కొండకు నడిచి వెళ్లొస్తే పిక్కలు పట్టేస్తాయి చూడండి, ఇది తొడల లోపలి వైపు. మూడో క్లాసుకల్లా తగ్గుతుంది.

భయం గురించి మీరు రాయలేదు గానీ ఉంటుంది. భయపడినప్పుడు మనిషి ఒళ్లు మూడు పనులు చేస్తుంది: ముందుకి వంగుతుంది, కాళ్లతో గట్టిగా పట్టుకుంటుంది, చేతికందింది లాగుతుంది. గుర్రానికి మనం నేర్పిన భాషలో కాళ్లు నొక్కడం అంటే "పద" అని. ముందుకి వంగడం అంటే "ఇంకా పద". నోరు లాగడమేమో "ఆగు". ఒకేసారి మూడూ వినిపిస్తే అది కంగారుపడి పరుగెత్తదా? మా మాస్టారు "భయమేస్తే నాకు నోటితో చెప్పండి మేడమ్, గుర్రానికి కాళ్లతో చెప్పకండి" అనేవారు. చేయాల్సింది తలకిందుల పని: వెనక్కి నిటారుగా కూర్చోవడం, మడమలు దించడం, ఊపిరి బయటికి వదలడం, ఒకే పగ్గాన్ని మెల్లగా పక్కకు తీసుకుని గుర్రాన్ని చిన్న గుండ్రంలోకి తిప్పడం. గుండ్రంలో గుర్రం ఎక్కువసేపు పరుగెత్తలేదు. గుర్రం నిలబడి ఉన్నప్పుడే ఇది నేర్పమని అడగండి. పడడం తప్పకపోతే పగ్గాలు వదిలేయండి, చేతులు చాపి నేలను ఆపాలని చూడకండి, దొర్లి గుర్రానికి దూరంగా జరగండి. నా మణికట్టు ఈ రెండో మాట తెలియకే పోయింది.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే జనవరి, ఫిబ్రవరి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, నేల జారుడు. మార్చి సగం దాటాక పొద్దున ఎనిమిదికల్లా దిగిపోవాలి. ఎండ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా జంతువుల చేత బండి లాగించకూడదని, బరువు మోయించకూడదని ఆ 1965 నిబంధనల్లోనే ఉంది. మే నెలలో పదకొండింటికి క్లాసు పెట్టేవాళ్లని చూస్తే మిగతాది అడగక్కర్లేదు.

అమ్మాయిని తప్పకుండా తీసుకెళ్లండి, కాకపోతే ఇద్దరూ ఒకే క్లాసులో వద్దు. మీ కళ్లు ఆమె మీదే ఉంటాయి. డిగ్రీకి వచ్చాక ఎన్‌సీసీలో రీమౌంట్ అండ్ వెటర్నరీ విభాగం ఉంటుందని చెప్పండి. క్యాడెట్లకు స్వారీ నేర్పేది అందులోనే, మీ తిరుపతిలో అది పశువైద్య కళాశాలతో కలిసి నడుస్తుంది. అందులో సీటు దొరికితే మీకంటే ముందు క్యాంటర్ చేసేస్తుంది, అది మాత్రం ఓర్చుకోవాలి.

చంద్రగిరి లాయం చూడడానికి వెళ్లే సాయంత్రం మీ వెంట మీ ఆయన్ని కాదు, అత్తమ్మని తీసుకెళ్లండి. స్వారీ కోసమని చెప్పకండి. ఒక గొడ్డుని చూసి చెప్పాలి, నాకు తెలియడం లేదు అనండి, వస్తారు. ఆవుల మధ్య పెరిగిన మనిషి కంటికి పక్కటెముకలు, డెక్కలు, తొట్టిలో నీళ్లు, తోలుతున్న అబ్బాయి చెయ్యి, అన్నీ నేను ఇన్ని పేజీలు రాసినదానికంటే ముందే కనపడతాయి. ఆమె గుర్రం దగ్గరికి పోయి మూపు మీద చెయ్యేసి ఏమన్నారో నాకు రాయండి. ఆమె నోట "గొడ్డుని బాగానే సాకుతుండారు" అన్నమాట వస్తే ఒక క్లాసుకి డబ్బు కట్టేయండి.